బీటెక్ ఎక్కడ ఆగిపోతోంది: తొలి బ్యాక్‌లాగ్, క్రెడిట్ల లెక్క, సి ప్రోగ్రామింగ్

సంక్షిప్తంగా: ఇంజినీరింగ్‌లో చేరి పట్టా లేకుండా బయటికొచ్చే విద్యార్థి చదువు మానేసింది ఏ రోజున అని అడిగితే కాలేజీ రికార్డు ఒక తేదీ చెబుతుంది. అసలు కారణాలు మాత్రం చాలాసార్లు మొదటి సెమిస్టర్‌లోనే మొదలై ఉంటాయి. అక్కడ పడిన బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) క్రెడిట్ల (సబ్జెక్టు గట్టెక్కితే జమయ్యే పాయింట్ల) నిబంధనతో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ముడిపడి పెద్దదవుతుంది. విద్యార్థుల తెలివితేటల కంటే మొదటి ఏడాది పాఠం చెప్పే తీరు, నియమాల అమరిక ఇందులో ఎక్కువ పాత్ర వహిస్తాయని పలు దేశాల అనుభవం చెబుతోంది. వాటిని మార్చిన చోట ఫలితం కూడా కనిపించింది.

పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, చదువు సాగదు

డ్రాపౌట్ అనే మాట బడి చదువు విషయంలో సులువుగా అర్థమవుతుంది. పిల్లవాడు బడికి రావడం మానేస్తాడు. ఇంజినీరింగ్‌లో అలా కాదు. విద్యార్థి పేరు రిజిస్టర్‌లోనే ఉంటుంది. నాలుగేళ్లూ పూర్తవుతాయి. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరిపోతారు. ఇతనికి ఇంకా ఆరో ఏడో సబ్జెక్టులు మిగిలి ఉంటాయి. సప్లిమెంటరీ నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా ఫీజు కట్టడం, రెండు రాయడం, ఒకటి పోగొట్టుకోవడం జరుగుతుంటుంది. ఎక్కడో ఒకచోట ఫీజు కట్టడం ఆపేస్తాడు. ఆ రోజు ఎవరూ అతన్ని లెక్కలోకి తీసుకోరు.

అమెరికాలో ఒక విద్యాసంస్థను అంచనా వేసేటప్పుడు ఒకే ఏడాది చేరిన బృందాన్ని పట్టుకుని లెక్క కడతారు. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి ఎంతమంది వచ్చారు, ఆరేళ్లలోపు ఎంతమంది పట్టా తీసుకున్నారు అన్నవి ప్రతి సంస్థా బయటపెట్టాల్సిన అంకెలు. మన దగ్గర వార్తల్లోకి వచ్చేది ఎక్కువగా సీట్లు ఎన్ని నిండాయి, ప్యాకేజీ ఎంత వచ్చింది అన్నదే. బృందం వారీ లెక్క అసలు లేదని కాదు. ఎన్‌బీఏ (ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు కోసం కాలేజీలు సమర్పించే నివేదికలో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేకుండా గట్టెక్కినవారు ఎందరు, గడువులోగా పూర్తిచేసినవారు ఎందరు అనే పట్టిక ఉంటుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే తల్లిదండ్రుల కంటికి అది ఆనదు.

పార్లమెంటులో చెప్పే అంకెలకూ పరిమితులున్నాయి. 2023 డిసెంబరులో లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం అంతకుముందు ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది బయటికి వెళ్లారు. అందులో ఐఐటీల వాటా 3,542. 2019లో చెప్పిన మరో లెక్కలో రెండేళ్లలో ఐఐటీలను వదిలిన మొత్తం విద్యార్థులు 2,461 మంది. వీరిలో ఎంటెక్ మధ్యలో ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం వచ్చి వెళ్లినవారూ ఉన్నారు, బీటెక్ మొదటి ఏడాది తట్టుకోలేక వెళ్లినవారూ ఉన్నారు. ఈ రెండింటినీ ఒకే గంపలో వేస్తే రోగం ఏదో తెలియదు. 2015లో ఐఐటీ రూర్కీ మొదటి ఏడాది సీజీపీఏ (పదికి లెక్కగట్టే సగటు గ్రేడు) ఐదు దాటలేదని డెబ్బై మందికి పైగా విద్యార్థులను ఒక్కసారిగా తొలగించి, తర్వాత మరో అవకాశం ఇచ్చింది. జేఈఈ గట్టెక్కి వచ్చినవారికీ మొదటి ఏడాదే గండమన్న సంగతి అప్పుడు దేశమంతటికీ తెలిసింది.

ఇంటర్ నుంచి బీటెక్‌కు మధ్య ఉన్న అగాధం

ఇంటర్ ఎంపీసీ రెండేళ్లూ తెలుగు రాష్ట్రాల్లో విద్యార్థి సమయం అతని చేతిలో ఉండదు. రెసిడెన్షియల్ కాలేజీ అయితే తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగుస్తుంది. ఏ రోజు ఏ చాప్టర్ చదవాలో, వారాంతపు పరీక్ష ఎప్పుడో, తప్పు చేసిన బిట్ ఎన్నిసార్లు మళ్లీ చేయాలో ఇంకొకరు నిర్ణయిస్తారు. ఆ పద్ధతి మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. తన చదువును తాను పంచుకుని, అర్థం కానిది ఏమిటో తానే గుర్తించి అడగడం అనే పని ఆ రెండేళ్లలో విద్యార్థికి ఎదురుకాదు. బీటెక్‌లో మొదటి రోజు నుంచీ కావాల్సింది సరిగ్గా అదే.

దీనికి తోడు పరీక్ష స్వరూపం మారుతుంది. ఈఏపీసెట్‌లో నాలుగు ఆప్షన్లలో ఒకటి పట్టుకుంటే చాలు. బీటెక్ తొలి గణితం ఎం-1లో మాట్రిక్స్ ర్యాంకు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం, మీన్ వాల్యూ థీరమ్‌లు, బీటా గామా ఫంక్షన్లు, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ ఒక్క సెమిస్టర్‌లో వచ్చిపడతాయి. ప్రతిదీ మెట్టుమెట్టుగా రాసి చూపాలి. షార్ట్‌కట్‌తో సమాధానం పట్టుకునే అలవాటు ఇక్కడ సాయపడకపోగా అడ్డుపడుతుంది.

ఈ అగాధం అందరికీ ఒకే లోతులో ఉండదు. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవారు ల్యాబ్‌లో చురుగ్గా ఉంటారు. మొదటి ఏడాది గణితం మాత్రం వారి చేతికి అందకుండానే దాటిపోయి ఉంటుంది. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవారికి పాఠం, పాఠ్యపుస్తకం, ప్రశ్నపత్రం మూడూ ఇంగ్లిష్‌లో ఉంటాయి. వీరిలో చాలామందికి లెక్క తెలుసు, లెక్క ఏమడుగుతోందో తెలియదు. చివరి విడత కౌన్సెలింగ్‌లోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరినవారు వచ్చేసరికి ఒక యూనిట్ అయిపోయి ఉంటుంది. కొన్ని వారాలకే మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) వచ్చిపడుతుంది.

ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి) 2018 నమూనా పాఠ్యప్రణాళికలో మొదటి మూడు వారాలు తరగతులు పెట్టకుండా పరిచయ కార్యక్రమం నడపాలని పెట్టడం వెనుక ఉద్దేశం ఈ కుదుపును తగ్గించడమే. చివరి విడతలో వచ్చినవారికి ఆ మూడు వారాలు దక్కవన్నది దాని ప్రధాన లోపం. ఎవరికి ఎక్కువ అవసరమో వారే దానికి దూరంగా ఉంటారు.

ప్రోగ్రామ్ వచ్చినట్టే ఉంటుంది, రాదు

కంప్యూటర్ సైన్స్‌లో మొదటి దెబ్బ తగిలేది తొలి ప్రోగ్రామింగ్ కోర్సులో. ఇది మన ఒక్కరి సమస్య కాదు. డెన్మార్క్ పరిశోధకులు బెన్నెడ్‌సెన్, కాస్పర్సన్ 2007లో వివిధ దేశాల విశ్వవిద్యాలయాల వివరాలు సేకరిస్తే తొలి ప్రోగ్రామింగ్ కోర్సు పూర్తి చేయలేనివారు సగటున 33 శాతం. 2019లో మళ్లీ చూస్తే 28 శాతం. సంస్థకూ సంస్థకూ తేడా మాత్రం చాలా పెద్దది.

ఎందుకు కష్టం? ఒక చిన్న ఉదాహరణ చూడవచ్చు. ఒకటి నుంచి పది వరకు అంకెలు కూడే ప్రోగ్రామ్ రాయమంటే మొదటి ఏడాది విద్యార్థి టకటకా రాసేస్తాడు. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం), దాని లోపల మొత్తానికి కలిపే వాక్యం, చివర ప్రింట్. వరుస తప్పదు, సెమికోలన్ తప్పదు. ఇదే ప్రోగ్రామ్‌ను సరిసంఖ్యలు మాత్రమే కూడేలా మార్చమంటే చేయి ఆగిపోతుంది. షరతు లూప్ లోపల పెట్టాలా బయట పెట్టాలా, మొత్తాన్ని సున్నా చేసే వాక్యం లూప్ లోపలికి జరిపితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు అతని దగ్గర జవాబు ఉండదు. ఎందుకంటే అతను నేర్చుకున్నది వాక్యాల వరుసే. యంత్రం ఒక్కో అడుగులో ఏ విలువను ఎక్కడ పెట్టుకుంటుందో అతని కళ్లకు కనిపించడం లేదు. పాయింటర్లు (మెమరీలో విలువ ఉన్న చోటును సూచించేవి) వచ్చే నాటికి ఈ లోపం దాచుకోవడానికి వీలుకాదు.

ల్యాబ్ వ్యవస్థ దీన్ని బయటపెట్టాల్సింది. చాలాచోట్ల కప్పిపెడుతోంది. సీనియర్ల రికార్డు చూసి అబ్జర్వేషన్ బుక్కులోకి, అక్కడి నుంచి రికార్డులోకి, అక్కడి నుంచి స్క్రీన్ మీదికి ప్రోగ్రామ్ ఎక్కుతుంది. అవుట్‌పుట్ వస్తే సంతకం పడుతుంది. ప్రోగ్రామ్‌లో ఒక్క వాక్యం మార్చి మళ్లీ నడిపించమని అడిగితే మూడు నిమిషాల్లో తేలిపోయే విషయం ఎక్స్‌టర్నల్ వైవా (బయటి పరీక్షకుడు పెట్టే మౌఖిక పరీక్ష) దాకా తేలదు.

తరగతిలో మరో చీలిక ఉంది. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతుల్లో పైథాన్ చదివి వచ్చినవారు, ఎంపీసీలో కంప్యూటర్ అన్న సబ్జెక్టే లేకుండా వచ్చినవారు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మొదటివారు అడిగే ప్రశ్నలు విని రెండోవారు ఇది మన వల్ల కాదు అన్న నిర్ణయానికి వస్తారు. నిజానికి అక్కడ కొలుస్తున్నది ముందున్న పరిచయాన్ని, వారు దాన్ని ప్రతిభ అనుకుంటారు. కాలిఫోర్నియాలోని హార్వే మడ్ కాలేజీ సరిగ్గా ఈ చోట చేయి పెట్టింది. తొలి కోర్సును అనుభవం ఉన్నవారికి, లేనివారికి వేర్వేరు సెక్షన్లుగా విడదీసింది. జావా బదులు పైథాన్ తెచ్చింది. తరగతిలో ఎక్కువగా మాట్లాడే అనుభవజ్ఞులతో అధ్యాపకులు విడిగా మాట్లాడారు. మరియా క్లావె అధ్యక్షురాలిగా వచ్చిన 2006 తర్వాత కొద్ది ఏళ్లలోనే కంప్యూటర్ సైన్స్ ఎంచుకున్నవారిలో అమ్మాయిల వాటా 10 శాతం చుట్టుపక్కల నుంచి 40 శాతం దాకా పెరిగింది. ప్రవేశ ప్రమాణాలు తగ్గించి సాధించింది కాదది.

రెండు క్రెడిట్ల దూరం

ఒక సబ్జెక్టు పోవడం దానికదే పెద్ద విషయం కాదు. అది ఎలా పేరుకుంటుందన్నదే ముఖ్యం. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్-22 (2022-23లో చేరినవారి నుంచి అమలైన) నిబంధనల్లో నాలుగేళ్లకు 160 క్రెడిట్లు, అంటే ఏడాదికి 40 చొప్పున. రెండో ఏడాదికి వెళ్లాలంటే మొదటి ఏడాది క్రెడిట్లలో 50 శాతం, మూడో ఏడాదికి వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో 60 శాతం రావాలి. సబ్జెక్టు గట్టెక్కడానికి సెమిస్టర్ పరీక్షలో 60కి 21, మొత్తం మీద 100కి 40 మార్కులు. విశ్వవిద్యాలయం ఈ ప్రమోషన్ శాతాలను అప్పుడప్పుడు సడలిస్తూ ఉంటుంది, మూల సూత్రం మాత్రం ఇదే.

ఒక విద్యార్థికి మొదటి ఏడాది 40లో 24 క్రెడిట్లు వచ్చాయనుకుందాం. 50 శాతం దాటింది, రెండో ఏడాదికి వెళ్లాడు. ఇంట్లో పెద్దగా ఆందోళన లేదు, ప్రమోట్ అయ్యాడు కదా. రెండో ఏడాదిలో కొత్తగా 40 క్రెడిట్ల సబ్జెక్టులు, పక్కనే పాత 16. మిడ్ పరీక్షలు, ల్యాబ్‌లు, సప్లీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏడాది చివరికి మరో 22 తెచ్చుకున్నాడు. మొత్తం 46. కావాల్సింది 80లో 60 శాతం, అంటే 48. రెండు క్రెడిట్ల తేడాతో డిటైన్, అంటే మూడో ఏడాదికి వెళ్లకుండా ఆగిపోవాలి.

ఇక్కడి నుంచి చదువు సమస్య డబ్బు సమస్యగా మారుతుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఇంజినీరింగ్ గడప తొక్కిన మొదటి తరం కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. ఆ పథకం కోర్సు ముందుకు సాగుతున్నంతకాలమే ఆదుకుంటుంది. డిటైన్ అయిన కాలానికి సాయం ఆగుతుంది. తండ్రి కౌలు రైతో ఆటో డ్రైవరో అయితే ఆ ఏడాది హాస్టల్, మెస్, పరీక్ష ఫీజులు, బస్ పాస్ చేతి నుంచి రావాలి. హాజరు 75 శాతం ఉండాలన్న నియమం వేరే ఉంది. 65 దాటితే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. డెలివరీ పనో క్యాటరింగ్ పనో చేసుకుంటూ చదివేవారికి ముందుగా పోయేది హాజరే.

క్రెడిట్ల నిబంధనను తప్పుపట్టడం తేలిక. దాని వెనుక న్యాయమైన ఉద్దేశం ఉంది. మొదటి ఏడాది గణితం రాకుండా తర్వాతి ఏళ్లలో సిగ్నల్స్ లాంటి సబ్జెక్టులు అర్థం కావు, అప్పు అలా పెరుగుతూ పోతే చివరికి తీర్చలేరు. లోపం నిబంధనలో కంటే దాని సమయంలో ఉంది. అది ఏడాది చివర శిక్షగా వస్తుంది. అదే సమాచారం మొదటి మిడ్ మార్కుల రూపంలో కాలేజీ చేతిలో నెలల ముందే ఉంటుంది. ఆ రోజు 40లో 14 కూడా దాటనివారి జాబితా తయారుచేయడానికి ఒక గుమస్తా, ఒక ఎక్సెల్ షీట్ చాలు. ఆ జాబితాతో ఏం చేస్తారన్నదే ప్రశ్న.

తెలివి తక్కువై వెళ్లారా?

చదువు వదిలినవారి గురించి సాధారణంగా అనుకునేది, వారికి ఆ చదువు పట్టలేదని. అమెరికాలో ఏడు క్యాంపస్‌లలో సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులతో ఎలెయిన్ సేమర్, నాన్సీ హెవిట్ 1990ల్లో జరిపిన సుదీర్ఘ సంభాషణల్లో మరో చిత్రం బయటపడింది. వదిలినవారికీ కొనసాగినవారికీ సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇద్దరూ ఏకరువు పెట్టిన ఇబ్బందులు దాదాపు ఒకటే: పాఠం సరిగా చెప్పకపోవడం, అడిగే దిక్కు లేకపోవడం, మొదటి రెండేళ్లలో వేగం. అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి 2012 నివేదిక ప్రకారం ఈ రంగాల్లో చదవాలని చేరినవారిలో వాటిలోనే పట్టా తీసుకునేవారు 40 శాతం లోపే. దీన్ని 50 శాతానికి తెచ్చినా దశాబ్దంలో అదనంగా కావాల్సిన పది లక్షల పట్టభద్రుల్లో నాలుగింట దాదాపు మూడు వంతుల మంది సమకూరతారని ఆ నివేదిక లెక్కగట్టింది.

యూరీ ట్రైస్‌మన్ 1970ల చివర బర్క్‌లీలో కాలిక్యులస్‌లో వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థులను గమనించారు. వారు కష్టపడటం లేదన్నది అబద్ధమని తేలింది. గంటల తరబడి చదువుతున్నారు, కానీ ఒంటరిగా. బాగా రాణిస్తున్న చైనా మూలాల విద్యార్థులు సాయంత్రం కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ట్రైస్‌మన్ వెనకబడినవారికి ట్యూషన్ పెట్టలేదు. తరగతి లెక్కల కంటే కఠినమైనవి ఇచ్చి బృందాలుగా కూర్చోబెట్టారు. ఫలితాలు తిరగబడ్డాయి. స్లో లెర్నర్స్ అని పేరు పెట్టి సాయంత్రం అదే పాఠం మళ్లీ చెప్పే మన రెమెడియల్ క్లాసుకూ దీనికీ ఉన్న తేడా గమనించదగ్గది. ఆ ముద్ర పడుతుందనే చాలామంది విద్యార్థులు రెమెడియల్ క్లాసు గుమ్మం తొక్కరు.

ఒహాయోలోని రైట్ స్టేట్ విశ్వవిద్యాలయం 2004లో గణితాన్నే తిరగరాసింది. కాలిక్యులస్ గట్టెక్కితేనే ఇంజినీరింగ్ సబ్జెక్టులు అన్న గేటును తీసేసి, ఇంజినీరింగ్ అధ్యాపకులే బోధించే ఒక గణిత కోర్సు పెట్టింది. డెరివేటివ్ (మార్పు రేటు) చెప్పగానే ల్యాబ్‌లో కింద పడుతున్న బంతి వేగం కొలవాలి. అసలు కాలిక్యులస్ ఆ తర్వాత, అవసరమైనప్పుడు వస్తుంది. తర్వాత ఇదే నమూనాను ఎన్నో విశ్వవిద్యాలయాలు తీసుకున్నాయి.

పాఠం చెప్పే తీరు మీద అత్యంత బలమైన ఆధారం 2014లో వచ్చింది. 225 అధ్యయనాలను కలిపి చూస్తే కేవలం లెక్చర్ విన్న తరగతుల్లో ఫెయిలైనవారు 33.8 శాతం, విద్యార్థుల చేత పనిచేయించిన తరగతుల్లో 21.8 శాతం. కాలిఫోర్నియా శాన్ డియాగో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ తరగతుల్లో అధ్యాపకుడు ఒక బిట్ ప్రశ్న తెర మీద వేసి, విడివిడిగా జవాబు తీసుకుని, పక్కవారితో చర్చించమని, మళ్లీ జవాబు అడిగే పద్ధతి పెట్టారు. నాలుగు కోర్సుల్లో ఫెయిల్ శాతం సగటున 20 నుంచి 7కు పడిపోయింది. మన విద్యార్థులకు బిట్లు కొత్త కాదు, పక్కవాడికి వివరించి జవాబు మార్చుకోవడమే కొత్త.

మన నేల మీది నమూనాలు

అన్నీ బయటి నుంచే తెచ్చుకోవాల్సిన పని లేదు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఆర్‌జీయూకేటీ (ట్రిపుల్ ఐటీలుగా పిలిచే ప్రభుత్వ విశ్వవిద్యాలయం) ఈ అగాధం మీద కట్టిన వంతెనే. పదో తరగతి కాగానే గ్రామీణ విద్యార్థిని తీసుకుని, రెండేళ్ల పీయూసీ (ఇంటర్‌కు సమానమైన చదువు), నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు ఒకే ఆవరణలో చదివిస్తుంది. ప్రభుత్వ బడిలో చదివినవారికి ప్రవేశంలో 0.4 అదనపు పాయింట్లు ఇచ్చారు. ఇంటర్ నుంచి బీటెక్‌కు మారేటప్పుడు పరీక్ష మారవచ్చు, ఊరు మారదు, గురువులు మారరు, తోటివారు మారరు. ఈ క్యాంపస్‌లలో మెస్, సిబ్బంది కొరత, విద్యార్థుల మానసిక ఒత్తిడి గురించి వచ్చిన ఆందోళనలు తక్కువేమీ కావు. అయినా ఆరేళ్ల నిర్మాణం ఎంచుకున్న సమస్య సరైనదే. ఐఐటీలు కటాఫ్‌కు కొద్దిలో ఆగిన ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఏడాదిపాటు నడిపే ప్రిపరేటరీ కోర్సు కూడా ఇదే ఆలోచనకు మరో రూపం.

సీట్లు పెరిగితే ఏమవుతుంది

2024-25 నుంచి ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచిలో సీట్ల పరిమితిని సడలించింది. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), దాని అనుబంధ బ్రాంచిలలో సెక్షన్లు పెరిగాయి, సివిల్, మెకానికల్ తగ్గాయి. నిబంధనల ప్రకారం 20 మందికి ఒక అధ్యాపకుడు ఉండాలి. కాగితం మీద ఆ నిష్పత్తి కుదిరినా మొదటి ఏడాది సి ల్యాబ్‌లో ఎవరు నిలబడతారన్నది వేరే విషయం. సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతంతో పోల్చుకుని బోధనకు వచ్చేవారు తక్కువ. ఉన్నవారిలో అనుభవం గలవారికి మూడు, నాలుగో ఏడాది సబ్జెక్టులు దక్కుతాయి. మొదటి ఏడాది కొత్తగా చేరినవారి వాటాకు వస్తుంది. ఎక్కువ మంది జారిపడే మెట్టు దగ్గర తక్కువ అనుభవం ఉన్నవారిని నిలబెట్టే ఈ అలవాటును మార్చడానికి అదనపు నిధులు అక్కర్లేదు, టైంటేబుల్ వేసే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) నిర్ణయం చాలు.

సివిల్, మెకానికల్ మీద ఇష్టం ఉన్నా ఇంట్లోవాళ్ల ఒత్తిడితో సీఎస్ఈలో చేరినవారి సమస్యకు మంచి పాఠం కూడా మందు కాదు. బ్రాంచి మారే అవకాశం చాలా అనుబంధ కాలేజీల్లో నామమాత్రమే కాబట్టి వారికి మిగిలే దారులు రెండే: లాగడం, ఆపేయడం.

జాగ్రత్తపడాల్సిన దారి ఒకటుంది. చేరినవారిని నిలుపుకోవాలని ఒత్తిడి వచ్చినప్పుడు అన్నిటికన్నా సులువైన పని కాలేజీ చేతిలో ఉండే ఇంటర్నల్ మార్కులు ఉదారంగా వేయడం. ఆర్-18లో 25గా ఉన్న ఇంటర్నల్ వాటా ఆర్-22లో 40 అయింది. నిజంగా నిరంతర మూల్యాంకనం జరిగితే ఇది విద్యార్థికి మేలే. అందరికీ 36 వేసేస్తే మాత్రం మొదటి మిడ్ నుంచి రావాల్సిన హెచ్చరిక చెరిగిపోతుంది, ప్రమోషన్ పెరుగుతుంది, సమస్య క్యాంపస్ ఇంటర్వ్యూలోని మొదటి కోడింగ్ రౌండ్‌కు వాయిదా పడుతుంది. ఒక కాలేజీ తన విద్యార్థులను నిజంగా నిలుపుకుంటోందా అని తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రులు అడగాల్సిన అంకె ఎన్‌బీఏ నివేదికలోనే ఉంది. నాలుగేళ్ల కింద చేరినవారిలో ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా బయటికొచ్చినవారు ఎందరు, గడువులోగా గట్టెక్కినవారు ఎందరు, మిగిలినవారు ఇప్పుడెక్కడున్నారు? మొదటి రెండు ప్రశ్నలకు కాలేజీ దగ్గర పట్టిక ఉంటుంది. మూడోదానికి జవాబు చెప్పాలని ఏ నిబంధనలోనూ లేదు, ఉండటం అవసరం.